పోచమ్మ ముందు పెట్టిన చావీ

పోయిన నెల బొంబాయిలో డ్రైవర్ల సమ్మెతో సిటీ బస్సులు ఆగిపోయినప్పుడు నాకు మొట్టమొదట వచ్చింది కోపమే. అరవై దాటిన మోకాళ్లతో లోకల్ రైలు వంతెనలు ఎక్కలేను, దిగలేను. ధారావిలో మా ఇంటి దగ్గర ఎక్కితే నాగ్‌పాడాలో దింపే బస్సు ఒకటుంది, ఇన్నేళ్లుగా దాన్నే నమ్ముకున్నాను. ఆ రోజు స్టాపులో నిలబడి నిలబడి, చివరికి ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య ఇరుక్కుని టాక్సీలో నాగ్‌పాడా దాకా వచ్చాను. అక్కడి స్టాపులో ఒక తల్లి, కాలికి కట్టు వేసిన పిల్లను చంకనేసుకుని నిలబడి, బస్సు డ్రైవర్ల చేతులు పడిపోవాలని శాపనార్థాలు పెడుతోంది. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు అందుకుంటున్నారు. అందరినీ ఊడబెరికి కొత్తవాళ్లను పెట్టుకోవాలని ఒక పెద్దమనిషి తీర్పు కూడా చెప్పేశాడు. మామూలుగా అయితే నేనూ ఓ మాట కలిపేదాన్నే, నా నోరు అంత మంచిదేం కాదు. ఆ రోజు మాత్రం మూసుకుని నడిచాను. ఎందుకంటే ఆ తిట్లు తింటున్న డ్రైవర్లలో మా చెల్లెలి కొడుకు నరేష్ ఒకడు. నేను పోతున్నది కామాటిపురలో వాళ్ల ఇంటికే.

నేను పోయేసరికి నరేష్ బనీను మీద మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఫోన్ మోగుతోంది, వాడు దాని వంక చూస్తున్నాడే కానీ ఎత్తడం లేదు. వాడు నడిపే బస్సు మీద రాసి ఉండే పేరు ఒకరిది, వాడిని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు ఇంకొకడు. తెల్లారి పోలీసు కాపలాతో బస్సులు తీస్తారట, వస్తే వచ్చినట్టు, రాకపోతే ఇంకెప్పుడూ రానక్కర్లేదని ఆ కాంట్రాక్టరు మనిషి పొద్దుటి నుంచి ఫోన్లు చేస్తున్నాడని మా చెల్లెలు శాంత గుసగుసగా చెప్పింది. నా మొహం చూసి వాడే నవ్వాడు.

“నువ్వు గూడ తిట్టుకుంటనే వచ్చినవ్ గదా పెద్దమ్మా?”

“తిట్టుకుంటనే వచ్చిన. కావాలంటె నా మోకాళ్లను అడుగు.”

“తాతను గూడ గిట్లనే తిట్టిన్రట గదా, నల్లాల హర్తాల్ అయినప్పుడు? అమ్మ సగమే చెప్తది. తాత చేసింది బరోబరేనా?”

“గదంతా ఇప్పుడు కశాలా రా, ఎందుకు?” అని కసిరింది శాంత. అప్పటికి అది పాలు తాగే పిల్ల, దానికి తెలిసింది సగమే. మిగతా సగం చెప్పగలిగినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందుకని కూర్చుని చెప్పాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, కాస్త నిదానంగా.

మాది కామాటిపురలో ఒక పాత చాళీ. పొడుగాటి వరండా, దాని వెంట వరసగా గదులు, గదికొక కుటుంబం. మా గదిలో ఒక మూల మోరీ, అంటే గిన్నెలు కడుక్కోవడానికి, చాటున స్నానం చెయ్యడానికి కట్టిన చిన్న గట్టు. ఇంకో మూల కిరసనాయిలు స్టవ్. మిగిలిన చోట మేమందరం. నీళ్లు మాత్రం కిందనే, చాళీ మొదట్లో ఉన్న ఒకే ఒక్క నల్లాలో, అదీ తెల్లవారుజామున కాసేపు. మా నాయనమ్మ ఎల్లవ్వ తలుపు పక్కనే పడుకునేది. నీళ్లు రావడానికి ముందు గొట్టంలోంచి గాలి బుస్సుమని వస్తుంది చూడండి, ఆ చప్పుడు ఆమె చెవికి తప్ప ఎవరి చెవికీ ఆనేది కాదు. “లేవుండ్రి, నల్లా బుస కొడ్తుంది, పీనుగుల లెక్క పండుకుంటరేందే,” అని కాళ్ల మీద ఒక్కటి అంటించేది. చింతపండూ బూడిదా వేసి తోమిన ఇత్తడి బిందెల పులుపు వాసన, తడిసిన చీరల వాసన, ఆమె పొద్దున్నే ముట్టించే చుట్ట వాసన, ఈ మూడూ కలిసిందే నా చిన్నతనపు తెల్లవారుజాము. నిన్నటి నీళ్లు ఆమె లెక్కలో నీళ్లే కావు. పాచి నీళ్లు. వాటితో గిన్నెలు కడగవచ్చు, బట్టలు జాడించవచ్చు, కానీ వాటిని దేవుడి ముందు పెట్టకూడదు, పొద్దున్నే నోట్లో పోసుకోకూడదు. మేం దూపకు ఆగలేక ఎప్పుడైనా రాత్రి బిందెలో గ్లాసు ముంచితే చూసేదో, ఇక ఆ పూటంతా పురాణమే.

ఆమె పాలమూరు నుంచి మేస్త్రీల వెంట సున్నం గంప నెత్తిన పెట్టుకుని వచ్చిన మనిషి. నడినెత్తిన వెంట్రుకలు ఊడి అరచేయంత నున్నగా ఉండేది. నన్ను తీసుకుని రోడ్డు మీద పోతూ పెద్ద పెద్ద మేడల వంక చూపించి, “నా నెత్తి ఎంట్రుకలన్ని గండ్లనే ఉన్నయి,” అని నవ్వేది. కొడుకుకు మునిసిపాలిటీలో పని దొరికినందుకు ఆమె పడిన గర్వం ఇంతా అంతా కాదు. మా నాయిన సాయిలు నల్లాల ఖాతాలో, అంటే నీళ్ల శాఖలో, చావీవాలా. రోడ్డు మీద ఇనుప మూతల కింద వాల్వులుంటాయి. ఏ గల్లీకి ఎప్పుడు నీళ్లు వదలాలో ఆ వేళకు పోయి, మూత తీసి, తాళంచెవి లాంటి పొడుగాటి ఇనుప చావీని లోపలికి దింపి, దాని అడ్డకర్ర పట్టుకుని చుట్టూ తిరగాలి. ఆ చావీ నిలబెడితే నాకంటే ఎత్తుండేది. నాయిన దాన్ని భుజాన వేసుకుని గల్లీలోకి వచ్చేటప్పుడు ఊరికే నడిచేవాడు కాదు, పెళ్లికొడుకు లాగా నిదానంగా నడిచేవాడు. రెండు పక్కలా ఆడవాళ్లు “చావీ అన్నా, చావీ అన్నా” అని పిలుస్తుంటే ఏమీ పట్టనట్టు మొహం పెట్టేవాడు. ఆయనకు అది ఎంత ఇష్టమో మా అమ్మకు తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. మావాళ్లలో మనిషి పోతే, పీనుగును లేపే ముందు స్నానం కొత్త నీళ్లతోనే చేయించాలి. ఊళ్లో అయితే పెద్దకొడుకు కొత్త కుండ పట్టుకుని బావికి పోయి చేదుకొస్తాడు. బొంబాయిలో బావి ఎక్కడిది? ఎప్పుడో ఉన్నవాటి మీద సిమెంటు మూతలు పడ్డాయి. నల్లాయే మా బావి అయింది. అయితే చావు తెల్లవారుజామున నీళ్లు వచ్చే వేళ చూసుకుని రాదు కదా. అందుకని గల్లీలో ఎవరు పోయినా, పగలైనా సాయంత్రమైనా, ముందు కబురు చావీవాలాకు అందేది. నాయిన తింటున్న అన్నం వదిలేసి లేచి, చావీ భుజాన వేసుకుని పోయి, ఆ కుండ నిండే దాకా వాల్వు తిప్పి వచ్చేవాడు. రూలు ప్రకారం తప్పే. పైవాళ్లకు తెలిసినా తెలియనట్టు ఊరుకునేవాళ్లు. మా గల్లీలో, పక్క గల్లీలో ఎవరూ పాచి నీళ్లతో పోలేదు, నా కొడుకు ఉండగా పోరు అని నాయనమ్మ అందరితో చెప్పుకునేది.

ఒక ఎండాకాలం సమ్మె వచ్చింది. నాయినా, ఆయన ముఠాలో వాళ్లూ పేరుకు మునిసిపాలిటీ మనుషులే కానీ ఏళ్ల తరబడి టెంపరరీ. ఎప్పుడు వద్దంటే అప్పుడు ఇంటికి పోవాలి, జబ్బు చేస్తే దిక్కు లేదు, పోతే ఇంట్లోవాళ్లకు ఏమీ రాదు. వీళ్లతో పాటు రోడ్లు ఊడ్చేవాళ్లూ పని ఆపారు. మా వైపు చావీవాలాలందరూ తెలుగువాళ్లే, వాళ్ల ముకద్దం, అంటే ముఠా పెద్ద, రాజన్న అని పొడుగాటి మనిషి. సంతకాలు పెట్టించుకోవడం మీద ఆయనకు నమ్మకం లేదు. “కాయితం మీద ఏలుముద్ర వేసినోడు రేపు కాయితమే చింపుతడు. అమ్మ ముంగట ముడి వేసినోడు ఎట్ల విప్పుతడు?” అన్నాడు. సమ్మె మొదలైన రోజు పొద్దున్నే అందరూ తమ తమ చావీలు తెచ్చి గల్లీ చివర పోచమ్మ గుడిలో అమ్మ ముందు పెట్టారు. దసరాకు పనిముట్లు పెట్టి మొక్కినట్టే పసుపు రాశారు, వేపాకు పెట్టారు. తర్వాత చావీలన్నింటినీ కలిపి పసుపుదారం చుట్టి, ఒక్కొక్కరూ ఒక్కో ముడి వేశారు. మా పని పర్మినెంటు అయ్యేదాకా ఎవ్వరమూ దీన్ని ముట్టం అని అమ్మ మీద ఆన. ఆ దారాన్ని పసుపులో తడిపి ఇచ్చింది మా నాయనమ్మే. నాయిన ముడి వేస్తుంటే వెనక నుంచి, “గట్టిగ వెయ్యి రా సాయిలూ,” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. మొదట బిందెలు అయిపోయాయి, తర్వాత డ్రమ్ములు అడుగంటాయి. చెత్త కుప్పలు గల్లీ మొదట్లోంచి మా మెట్ల దాకా పాకాయి. ఆ ఎండలో కుళ్లిన కూరగాయల కంపు, ఈగలు, నీళ్లు లేని పాయిఖానాలు, అబ్బ, తలుపు మూసుకుంటే కానీ అన్నం తినలేకపోయేవాళ్లం. పోలీసులను వెంటబెట్టుకుని ఆఫీసర్లు పెద్ద లైన్లు కొన్ని తిప్పించారు, నాగ్‌పాడా పెద్ద రోడ్డు మీదికి టాంకర్లు కూడా తెప్పించారు. కానీ గల్లీల్లో ఏ మూత కింద ఏముందో చావీవాలాలకే తెలుసు. చావీ అన్నా అని పిలిచిన ఆడవాళ్లే నాయినను చూసి పక్కకు ఉమ్మడం మొదలుపెట్టారు. పాయిఖానా లైన్లో మా అమ్మను భుజంతో తోసేసేవాళ్లు. ఒకరోజు ఎవరో మా గుమ్మంలో చెత్త కుమ్మరించి పోయారు. నీళ్లుంటే నీళ్లే కుమ్మరించేవాళ్లు! టాంకరు నీళ్లు మా ఇంట్లోకి రాకూడదని నాయిన హుకుం. అవి సమ్మెను విరిచే నీళ్లు. అమ్మ నా వంక చూసి, “నీ నాయినకేం, మంచిగ మీసం మెలేసుకుంట కూసుంటడు. పిల్లలకు నేను నా ఉమ్మి తాగించాలెనా?” అని అరిచేది. నాయిన నిజానికి మీసం మెలేసింది లేదు. పగటిపూట ఇంట్లో కూర్చోవడం చేతగాక, వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగేవాడు.

బాలమణి మొగుడు శంకరయ్య పోయింది ఆ రోజుల్లోనే, ఇంకా టాంకర్లు రాకముందు. పక్క గల్లీలో ఉండేవాళ్లు. మా జిల్లా నుంచే వచ్చిన జంట, పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు. అతను తాపీమేస్త్రీ. పరంజా మీద నుంచి జారి పడ్డాడు. మధ్యాహ్నం శవాన్ని ఇంటికి తెచ్చారు. కాసేపటికి బాలమణి తానే మా చాళీ మెట్లెక్కి వచ్చింది. నుదుట బొట్టు ఇంకా ఉంది, చంకలో కొత్త కుండ. శంకరయ్యకు పెద్దకొడుకు లేడు, అన్నదమ్ములు ఊళ్లో ఉన్నారు. కుండ పట్టుకునేవాళ్లు లేక తనే పట్టుకుంది.

“అన్నా, జర చావీ తిప్పు. నా పెనిమిటిని లేపాలె.”

నాయిన లేచి నిలబడ్డాడు. ఆయన చేతులు దేనికోసమో వెతుక్కున్నట్టు కదిలాయి. చావీ ఉండే మూల ఖాళీగా ఉంది.

“చెల్లే, అమ్మ ముంగట ముడి వేసిన.”

“ఒక్క కుండ అన్నా. ఒక్క కుండకు అమ్మ ఏమంటది?”

“ఒక్క కుండకు అని వాల్వు తిరగదు చెల్లే. తిప్పితె రెండు గల్లీలకు వస్తయి. రేపు ఇంకోరు వస్తరు. నేను తిప్పిన్నని తెలిస్తె ఇంకో గల్లీల ఇంకోడు తిప్పుతడు. ఇంతమందిమి కట్టుకున్నది నా చేత్తోని నేనే ఇరగ్గొట్టినట్టయితది.”

“అయితే పాచి నీళ్లతోని తోలియ్యనా ఆయనను?”

మా అమ్మ లోపలి నుంచి బతిమాలింది, పోయి తిప్పి రావయ్యా అని. నాయనమ్మ మాత్రం ఆరిపోయిన చుట్టను నోట్లోంచి తియ్యలేదు. బాలమణి ఆ కుండను మా గుమ్మంలో నేలకేసి కొట్టింది. “నీ ఇంట్ల పీనుగు పడ్డనాడు తెలుస్తది నీకు,” అని మెట్లు దిగి పోయింది. శంకరయ్యకు డ్రమ్ములో అడుగున మిగిలిన నీళ్లతో స్నానం చేయించారని సాయంత్రం తెలిసింది. పక్క గల్లీ అంతా మూకుమ్మడిగా మా ఇంటిని తిట్టింది, తిట్టదా మరి. ఆ రోజు నుంచి ప్రతి పొద్దున బాలమణి తన గుమ్మంలో కూర్చుని నాయిన పేరెత్తి తిట్టేది. మా వరండా దాకా వినపడేది. నాయిన లేచి లోపలికి పోయేవాడు కాదు, అంతా అయిపోయేదాకా అక్కడే నిలబడి వినేవాడు.

తర్వాత నాయనమ్మకు జ్వరం వచ్చింది. ఎండాకాలపు జ్వరమో, ఆ కుళ్లు గాలికి వచ్చిన జ్వరమో, వయసో, ఏమని చెప్పను? అమ్మ ఎక్కడెక్కడో అడుక్కుని చెంబుడు నీళ్లు తెచ్చి నోటికి అందిస్తే రెండు గుక్కలు మింగి, “నాకు దూప లేదు, పిల్లలకు పొయ్యి,” అనేది. నిజంగానే దూప లేదేమోనని నేను అనుకున్నాను, చిన్నపిల్లను. మా అమ్మ మాత్రం చచ్చేదాకా నాయినను ఆ ఒక్క మాటతోనే పొడిచింది, మీ అవ్వ వయసుకు పోయిందా దూపకు పోయిందా చెప్పు అని. ఒక పొద్దున ఎండ వరండాలోకి వస్తున్న వేళ నాయనమ్మ పోయింది.

చావుకు అందరూ వచ్చారు. అది మావాళ్లలో ఉన్న మంచితనం, ఎంత తిట్టుకున్నా చావుకు వస్తారు. ఎదురు గదిలో లచ్చవ్వ అని ఒక పెద్దావిడ, చాళీలో చావైనా పురుడైనా ఆమె చెప్పినట్టే జరగాలి. నాయనమ్మను కిందికి దింపించి, గల్లీలో చెక్కబల్ల వేయించి, పసుపు నూరించి, అన్నీ చేసి, అప్పుడు అడిగింది. “సాయిలూ, కొత్త నీళ్లు ఎక్కడియి రా?”

టాంకరు నీళ్లకు నాయిన ఒప్పుకోడని అందరికీ తెలుసు. నేను వెనక్కి తిరిగి చూస్తే నల్లా దగ్గర బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. ఎవరు ఎప్పుడు పెట్టారో తెలియదు, బిందెల వెనక ఆడవాళ్లు తలలు వంచుకుని నిలబడ్డారు. సొంత తల్లి కోసమైనా తిప్పడా అని వాళ్ల ఆశ. వాళ్లను నేను తప్పు పట్టను, వాళ్ల ఇళ్లలోనూ పసిపిల్లలున్నారు. అప్పుడే ముకద్దం రాజన్న తన ముఠాతో వచ్చాడు. నాయిన భుజం మీద చెయ్యి వేశాడు.

“లే సాయిలూ. మేమే ముడి విప్పుతం, మేమే మళ్ల వేస్తం. అందరం మాట్లాడుకున్నం. చావు నీళ్లకు అమ్మ తప్పు వట్టది.”

“పో అయ్యా, అందరు సరే అంటున్నరు గదా, పో,” అని అమ్మ ఏడుస్తూ ఆయన చెయ్యి పట్టుకుని లాగింది.

నాయిన కదలలేదు. “బాలమణి పెనిమిటికి లేని నీళ్లు మా అవ్వకు ఎట్ల వస్తయి?” అన్నాడు.

“గది వేరే, గిది వేరే. నువ్వు మనోనివి రా,” అన్నాడు రాజన్న.

“గందుకే,” అన్నాడు నాయిన.

లచ్చవ్వకు కోపం వచ్చింది. “అయితే ఎట్ల లేపుతవ్ రా మీ అవ్వను? పాచి నీళ్లతోనా? ఊరందరికి కొత్త నీళ్లు ఇప్పించిన ముసల్ది పాచి నీళ్లతోని పోవాలెనా?”

నాయిన కొత్త కుండ ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. “సముద్రానికి చావీ లేదు,” అన్నాడు. చెప్పుల్లేని కాళ్లతో, ఆ ఎండలో, చౌపాటీ వైపు నడుచుకుంటూ పోయాడు. ఎవరో వెంట పోబోతే వద్దన్నాడు. మేం ఈగలు తోలుకుంటూ నాయనమ్మ చుట్టూ కూర్చున్నాం. ఎంతసేపని కూర్చున్నామో తెలియదు, నీడ గోడ ఇవతలి నుంచి అవతలికి పోయింది. ఆయన తిరిగి వచ్చేటప్పటికి పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి, చొక్కా సగం తడిసి ఉంది, కుండలో మూడొంతులే మిగిలాయి. ఆ నీళ్లతోనే మా అమ్మా లచ్చవ్వా నాయనమ్మకు స్నానం చేయించారు. కొత్త చీర కట్టారు. పాడె కట్టడం పూర్తయ్యేలోపు ఎండకు ఒళ్లు ఆరింది. ఆరేసరికి ఆమె నుదుటి ముడతల్లో, చేతుల మీద, ఆ నున్నటి నడినెత్తి మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. అమ్మ కొంగుతో తుడిచింది. అది పోలేదు, ఇంకా తెల్లగా చారలు కట్టింది. ఇప్పటికీ నేను చౌపాటీ వైపు పోను, సముద్రపు గాలి మంచిదని చెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

సమ్మె ఆ తర్వాత కొన్నాళ్లకు ముగిసింది. అందరి పనీ కాదు కానీ నాయిన పని పర్మినెంటు అయింది. ఆ పర్మినెంటు ఉద్యోగం మీదే నేను చదువుకున్నాను, టీచరునయ్యాను, శాంతా నరేషూ ఇప్పుడుంటున్న గది నిలిచింది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు కష్టంగా ఉంటుంది, ఒప్పుకోకపోతే అబద్ధమవుతుంది. అప్పటికీ ఇప్పటికీ ఏం తేడా అని నరేష్ గదిలో కూర్చుని ఆలోచించాను. అప్పుడు తిట్టేవాళ్లకు మా గుమ్మం తెలుసు. కుండ పట్టుకుని మెట్లెక్కి వచ్చి, మొహం మీద తిట్టి పోయారు. ఎవరి చెయ్యి ఆగితే ఎవరి ఇంట్లో నీళ్లు ఆగాయో ఇద్దరికీ తెలుసు. నాగ్‌పాడా స్టాపులో తిట్టిన ఆ తల్లికి నరేష్ ఎవరో తెలియదు, ఆమె పిల్ల కాలికి కట్టు ఉందని నరేష్‌కు తెలియదు. వాడిని పనిలో పెట్టుకున్నవాడు ఎలా ఉంటాడో వాడే ఎన్నడూ చూడలేదట, ఫోనులో గొంతు ఒకటే ఎరుక. వీళ్ల సమ్మె కూడా ఫోనులోనే. ముడి వెయ్యడానికి దారం లేదు, వేసినవాడి ముఖం చూసేవాడూ లేడు. మర్నాడు నరేష్ బస్సు తియ్యడానికి పోలేదు. తియ్యడానికి పోయినవాళ్లతో నాలుగు రోడ్ల మీద నాలుగు బస్సులు తిరిగాయి, మెల్లగా అన్నీ తిరిగాయి. పోనివాళ్లను మళ్లీ పిలవలేదు. ఇప్పుడు వాడు ఎవరిదో టెంపో నడుపుతున్నాడు. నేను చెప్పిన కథ విని పోలేదేమో అని శాంత నా మీద అలిగింది. అలగనీ, నేను పొమ్మని చెప్పలేదు, పోవద్దనీ చెప్పలేదు.

ఆ రోజు మాత్రం అంతా విన్నాక వాడు ఒక మాట అడిగాడు. “బాలమణి ఏమయిందో చెప్పకపోతివి పెద్దమ్మా. ఆమె తిట్టు తగిలింది గదా. చూసి ఖుష్ అయిందా?”

“బరోబరా కాదా అని అడిగినవ్. నాకు ఇప్పటికీ తెల్వది రా,” అన్నాను. “ఆమె ఏమన్నదో చెప్త, నువ్వే చూసుకో.”

నాయనమ్మను లేపే వేళకు బాలమణి ఇంకా మైలలోనే ఉంది. మొగుడు పోయిన ఆడది మైల రోజులు గడవక ముందే గడప దాటకూడదు. అయినా దాటి వచ్చింది. బొట్టు లేని మొహం, మాసిన చీర. జనం తప్పుకుని దారి ఇచ్చారు. ఇప్పుడు ఏదో ఒకటి అంటుంది, అననీ, అనే హక్కు ఆమెకుంది అని అందరి మొహాల్లోనూ కనిపించింది. బాలమణి నాయనమ్మ కాళ్ల దగ్గర నిలబడి, చేతుల మీద తెల్లటి ఉప్పు చారల వంక చూసింది. ఒంగి వేలితో ఒక చార తాకింది. తర్వాత నాయిన వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేదని నాకు ఇప్పుడనిపిస్తుంది.

“అన్నా, ఆయన పోయినప్పటి నుంచి నిన్ను తిట్టుకుంటనే నిలవడ్డ. పొద్దున లేస్తె నీ పేరు తీసుకొని తిట్టేది, జర కడుపు సల్లగయ్యేది, గప్పుడు ఇంత బువ్వ లోపలికి పోయేది. నువ్వు మీ అవ్వకు గూడ గిట్లనే జేస్తివి. ఇగ నేను ఎవర్ని తిట్టాలె? నాకు ఉన్నది గదొక్కటే, గది గూడ గుంజుకుంటివి.”

పొద్దుటి నుంచి కంట నీరు పెట్టని మా నాయిన అక్కడే, గల్లీలో, ఆ బొబ్బల కాళ్ల మీద కూలబడి ఏడ్చాడు. పాడె ఎత్తాల్సిన వాళ్లు ఆయన లేచేదాకా నిలబడ్డారు.